తోడుగా వెళ్ళడం: వలస, శరణార్థి మహిళల కోసం విశాఖ వాడల్లో సహాయ బృందాన్ని నడిపే పద్ధతి

ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 వరకు కోరాపుట్, జయపురం ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చిన తరువాత ఉన్నదంతా వదులుకొని తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల గుర్తుగా విశాఖలోని కంచరపాలెం పరిసరాల్లో బర్మా క్యాంప్ అన్న పేరు ఈనాటికీ వాడుకలో ఉంది. కాబట్టి మధురవాడలోనో గాజువాకలోనో అపార్ట్‌మెంటు కడుతున్న చోట రేకుల షెడ్డులో కాపురముంటున్న మహిళను చూసి "ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు" అని తేల్చేసేముందు ఈ ఊరు ఎవరెవరితో నిండిందో ఒకసారి తలచుకోవడం మంచిది. పెద్ద సంస్థ, నిధులు, కార్యాలయం ఏవీ లేకుండా, అటువంటి మహిళలకు ఇరుగుపొరుగున ఉండే ఐదారుగురు కలిసి ఏమి చేయవచ్చో, ఏమి చేయకూడదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విశాఖకు వచ్చేవారిలో బలంగీర్, నువాపడా, కోరాపుట్, రాయగడ జిల్లాల నుంచి భర్తతో కలిసి భవన నిర్మాణానికీ ఇటుక బట్టీలకూ వచ్చే మహిళలు ఉన్నారు, రొయ్యల శుద్ధి కర్మాగారాల హాస్టళ్ళలో ఉండి పనిచేసే యువతులు ఉన్నారు, ఇళ్ళలో పాచిపని చేసే బెంగాల్, ఝార్ఖండ్ మహిళలు ఉన్నారు. చలికాలం రాగానే రోడ్డు పక్కన స్వెటర్ల దుకాణాలు పెట్టే టిబెటన్ మహిళలు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చి 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ వశమయ్యాక తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయిన అఫ్గాన్ యువతులు కూడా ఈ నగరానికి కొత్తవారు కారు. వీరి చట్టపరమైన స్థితి ఒకరికీ ఒకరికీ పొంతన లేనంత వేరు. అయినా ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే గోడ ఒకటే: కౌంటర్ అవతల కూర్చున్న మనిషి అడిగేది అర్థం కాకపోవడం, అర్థమైనా తిరిగి అడగడానికి గొంతు పెగలకపోవడం. అందుచేత ఈ పనికి మా బృందం పెట్టుకున్న పేరు సహాయం కాదు, తోడు వెళ్ళడం. మొదటిసారి మనం మాట్లాడతాము, ఆమె పక్కన ఉంటుంది. తరువాత ఆమె మాట్లాడుతుంది, మనం పక్కన ఉంటాము. చివరికి ఆమె ఒక్కతే వెళ్ళివస్తుంది. చెప్పుకోవడానికి ఇది మూడు మెట్లలాగా ఉంటుంది కానీ రెండో మెట్టు మీద ఆరేడు సార్లు నిలబడవలసి వస్తుందని ముందే తెలుసుకోవాలి.

ముందు స్థలం, సమయం

నిర్మాణ పనివారికి ఆదివారం సాయంత్రం మాత్రమే కాస్త తీరిక. ఆ రోజు మధ్యాహ్నం వారు సంతకు వెళ్ళి కూరగాయలు తెచ్చుకొని, బట్టలు ఉతుక్కొని, నాలుగు గంటల ప్రాంతంలో ఒక గంట ఖాళీగా ఉంటారు. ఆ గంటనే పట్టుకోవాలి. వారం వారం ఒకే చోట, ఒకే వేళకు, ఒక్కరు వచ్చినా రాకపోయినా కూర్చోవడం మొదటి రెండు నెలల్లో చేయవలసిన అసలు పని. స్థలం వారి షెడ్డుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉండాలి గానీ మేస్త్రీ కంటికి ఎదురుగా ఉండకూడదు. పాఠశాల వరండా, వార్డు సామాజిక భవనం, ఎవరింటి మేడమీద అయినా సరిపోతుంది. గుడి గానీ చర్చి గానీ దొరికితే సౌకర్యమే, అయితే మతం మార్చడానికి పిలుస్తున్నారేమోనన్న అనుమానం ఎవరికీ రాకుండా అక్కడ ప్రార్థనకూ సమావేశానికీ నడుమ గీత స్పష్టంగా ఉండాలి.

దుప్పట్ల పంపిణీతో ప్రారంభించాలన్న ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోవాలి. మేము మొదటి ఆదివారం అదే చేశాము. ఒక్కొక్కరికి దుప్పటి ఇస్తూ ఫొటోలు తీసుకున్నాము. తరువాతి వారం ఎవరూ రాలేదు. ఆ ఫొటోలు ఎక్కడికి వెళ్తాయో తెలియక, వాటిలో తమ ముఖం చూస్తే మేస్త్రీ ఏమంటాడోనని భయపడ్డారని చాలాకాలం తరువాత ఒక ఆమె చెప్పింది. అప్పటినుంచి మా సమావేశాల్లో ఫోను బయటకు తీయడం లేదు. ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే ఊరికే కూర్చోలేము అనిపిస్తే టీ కాచుకోవచ్చు. చద్దన్నాన్ని వారు పఖాళ అంటారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని తినే తీరు మనదే కాబట్టి, ఎండాకాలంలో ఆ ప్రస్తావన ఒక్కటి వస్తే చాలు, మాటలు వాటంతటవే సాగుతాయి.

మాట తెలిసిన మనిషి

బృందంలో వారి భాష తెలిసిన మహిళ ఒకరైనా లేకుండా పని మొదలుపెట్టకూడదు. ఇందుకోసం దూరం వెళ్ళనవసరం లేదు. వాల్తేరు రైల్వే డివిజన్ ఏళ్ళ తరబడి భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న జోన్‌లో ఉండటంవల్ల రైల్వే క్వార్టర్లలో ఒడియా ధారాళంగా మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు పుట్టి ఇక్కడికి కోడళ్ళుగా వచ్చినవారికి రెండు భాషలూ ఇంటి భాషలే. అయితే బలంగీర్ మహిళ మాట్లాడే సంబల్‌పురి వేరు, తీరప్రాంతపు ఒడియా వేరు. కోరాపుట్ కొండల నుంచి వచ్చిన ఆదివాసీ మహిళకు దేశియా, కువి భాషల ముందు ఒడియా కూడా నేర్చుకున్న భాషే. "ఒడియా తెలుసు కదా, సరిపోతుంది" అనుకోకుండా, మొదటి సంభాషణలోనే ఎంతవరకు అర్థమవుతున్నదో కనిపెట్టాలి. పిలుపు విషయంలోనూ జాగ్రత్త అవసరం. అక్కను వారు అపా అంటారు. మనం అక్కా, అమ్మా అని పిలిచినా చాలు, "ఒరియా అమ్మాయి" అని మాత్రం అనకూడదు. ఆమె ఊరి పేరు అడిగి గుర్తుపెట్టుకోవడం ఆమెను పేరుతో పిలవడమంత గౌరవం.

పిల్లల చేత అనువాదం చేయించకూడదు అన్న నియమాన్ని మేము చేజేతులా చేసుకున్న తప్పునుంచి నేర్చుకున్నాము. ఒక ఆమెకు ఒంట్లో బాగా లేదంటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. మాలో భాష తెలిసినవారు ఆ రోజు రాలేకపోయారు. స్థానిక బడిలో చదువుతున్న ఆమె పదేళ్ళ కూతురికి తెలుగు బాగా వచ్చు కదా అని వెంట తీసుకువెళ్ళాము. డాక్టరు నెలసరి గురించి ఏదో అడిగింది. పాప తల్లివైపు చూసింది, తల్లి కళ్ళు దించుకొని రెండు ముక్కలు చెప్పింది, పాప కాసేపు నేలవైపు చూసి "కడుపునొప్పంట" అంది. కడుపునొప్పి మాత్రలు తీసుకొని తిరిగివచ్చాము. అది గర్భస్రావమని, రక్తస్రావం పది రోజులుగా ఆగలేదని ఆ తరువాతి ఆదివారం తెలిసింది. తల్లి తన కూతురి నోట ఆ మాట పలికించలేకపోయింది. భర్తను అనువాదకుడిగా పెట్టుకోవడంలోనూ ఇటువంటి చిక్కే ఉంది, ఒక్కోసారి ఇంతకంటే ప్రమాదకరమైనది. భాష తెలిసిన మహిళ వెంట రాలేని రోజున ఫోనులో స్పీకరు పెట్టి మాట్లాడించడం మేలు. అదీ కుదరకపోతే అత్యవసరం కాని పనిని మరో రోజుకు వాయిదా వేయాలి.

మొదటి ప్రయాణం: బియ్యం

ఏ పనితో ఆరంభించాలి అన్న ప్రశ్నకు నా సమాధానం రేషను బియ్యం. దానిలో ఎవరి పరువుకూ భంగం లేదు, ఫలితం అదే రోజు చేతికి వస్తుంది, ఒకరికి అందితే పదిమందికి తెలుస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో తొలుత నాలుగు రాష్ట్రాలలో మొదలైంది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 జూన్ నాటికి దేశమంతటికీ విస్తరించింది. దీని ప్రకారం జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డు ఏ రాష్ట్రానిదైనా, ఆధార్‌తో ముడిపడి ఉంటే, విశాఖలోని చౌకధరల దుకాణంలో మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం పొందవచ్చు. ఊళ్ళో ఉన్న అత్తమామలు తమ వాటా అక్కడే తీసుకోవచ్చు, ఇక్కడున్నవారు మిగిలినది ఇక్కడ తీసుకోవచ్చు.

వెళ్ళేముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఆ కార్డు కేంద్ర చట్టం కిందదా, లేక ఒడిశా రాష్ట్రం సొంతంగా ఇచ్చినదా అన్నది మొదటిది, ఎందుకంటే రాష్ట్ర పథకపు కార్డు ఇక్కడ పనిచేయదు. ఆమె పేరు కార్డులో చేరి ఉందా అన్నది రెండోది. పెళ్ళై అత్తవారింటికి వచ్చిన అమ్మాయి పేరు చాలాసార్లు పుట్టింటి కార్డులోనే ఉండిపోతుంది. ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం, పూర్తయిందా అన్నది మూడోది. ఇవన్నీ సరిగా ఉన్నా డీలరు "ఇది మీ ఊరి కార్డు, ఇక్కడ చెల్లదు" అనవచ్చు. వాదనకు దిగకుండా, యంత్రంలో నంబరు వేసి చూడమని ఒక్కసారి అడిగితే సగం తగాదాలు అక్కడే ముగుస్తాయి. ఒప్పుకోకపోతే 14445కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

మిగిలిన సగం వేలిముద్రల తగాదా. ఈ సంగతి నేను దగ్గరనుంచి చూసినదే. సిమెంటు కలిపిన చేతులకు గీతలు అరిగిపోతాయి. ఆమె బొటనవేలు పెట్టింది, యంత్రం ఎర్రదీపం చూపింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎరుపే. వెనక వరుసలో ఉన్నవారు విసుక్కోవడం మొదలుపెట్టేసరికి ఆమె సంచి మడిచి పక్కకు తప్పుకోబోయింది. డీలరుగారి భార్య లోపలినుంచి తడిబట్ట తెచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, మళ్ళీ తుడిచి, ఎడమచేతి ఉంగరపు వేలు పెట్టించింది. పచ్చదీపం వెలిగింది. అప్పటినుంచి పనికి వెళ్ళని రోజున, చేతులు కడుక్కొని రాత్రి నూనె రాసుకొని రమ్మని మేము ముందే చెబుతున్నాము. పది వేళ్ళూ పడకపోతే కంటిపాపతో నమోదు చేసే పరికరం ఉందేమో అడగాలి.

కాన్పు, కాగితం

గర్భిణి కనిపిస్తే ఆదివారం దాకా ఆగకుండా మర్నాడే ఆ వాడ ఆశా కార్యకర్తకూ, అంగన్‌వాడీ కార్యకర్తకూ పరిచయం చేయాలి. అంగన్‌వాడీ సేవలకు స్థానికురాలై ఉండాలన్న నిబంధన లేదు. అంగన్‌వాడీలు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో సొంత ఊళ్ళో పేరు నమోదై ఉంటే ఇక్కడి కేంద్రానికి మార్చే వీలుంది. ఊరినుంచి వచ్చేటప్పుడు తల్లీబిడ్డల సంరక్షణ కార్డు తెచ్చుకున్నదో లేదో కనుక్కోవాలి. అది లేకపోతే ఏ టీకా ఎప్పుడు వేశారో, రక్తం ఎంత ఉందో ఎవరికీ తెలియక పరీక్షలన్నీ మొదటినుంచి చేయవలసి వస్తుంది. పట్టణ ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదైన తరువాత, కాన్పు ఘోషాసుపత్రిలోనా, కింగ్ జార్జి ఆసుపత్రిలోనా అన్నది అక్కడి వైద్యులే చెబుతారు. నొప్పులు మొదలైన రాత్రి 108కి ఫోను చేసి చిరునామా చెప్పడం ఆమెకు రాదు, ఎందుకంటే రేకుల షెడ్డుకు చిరునామా ఉండదు. దగ్గరలోని గుడి, కిరాణా కొట్టు, విద్యుత్ స్తంభం నంబరు కలిపి తెలుగులో ఒక వాక్యం రాసి షెడ్డు తలుపుకు లోపలివైపు అంటించి పెట్టాలి. ఇది చాలా చిన్న పని, అయినా మేము చేసిన పనులన్నిటిలో ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

బిడ్డ పుట్టిన తరువాత జననం నమోదు విషయంలో ఏమాత్రం అలసత్వం పనికిరాదు. ఎక్కడ పుడితే అక్కడే నమోదు కావాలి. 21 రోజుల లోపల రుసుము ఉండదు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఊరికి వెళ్ళాక చేయించుకుందామని వెళ్ళిపోయిన తల్లి ఆ కాగితం కోసం రెండు రోజుల కూలి, రైలు ఖర్చు పెట్టుకొని మళ్ళీ విశాఖ రావలసి ఉంటుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి బడిలో చేరడానికీ ఆధార్‌కూ జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం కాబట్టి దీని విలువ ముందుకంటే పెరిగింది. ఆసుపత్రి రిజిస్టరులో తల్లి పేరు, ఆధార్‌లో తల్లి పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉన్నాయా అన్నది డిశ్చార్జికి ముందే చూడాలి. ఒడియా పేర్లను తెలుగులో విన్నట్టుగా రాసి ఇంగ్లీషులోకి మార్చేసరికి మనిషే మారిపోతుంది.

పెద్ద పిల్లల బడి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని గానీ, వయసు ధ్రువీకరణ లేదని గానీ, సంవత్సరం మధ్యలో వచ్చారని గానీ ప్రభుత్వ పాఠశాల చేర్చుకోకుండా ఉండకూడదు, వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. ప్రధానోపాధ్యాయుని దగ్గరకు తల్లితో కలిసి ఒకసారి వెళితే చాలావరకు సరిపోతుంది.

కూలి లెక్క

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. పశ్చిమ ఒడిశానుంచి వచ్చే కుటుంబాలకు కూలీలను కుదిర్చే సర్దార్ ఊళ్ళోనే అడ్వాన్సు ఇస్తాడు. ఈ పద్ధతిని వారు దాదన్ అంటారు. ఇటుక బట్టీలో భార్య, భర్త, సాయం చేసే మరొకరు కలిసి ఒక పథురియాగా లెక్క, వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. ఆ లెక్క పుస్తకంలో భర్త పేరు మాత్రమే ఉంటుంది. మట్టి తొక్కి, అచ్చు పోసి, ఎండబెట్టి, మోసిన ఆడమనిషి ఆ పుస్తకంలో లేనే లేదు. పనిమీద గాయపడినా, మధ్యలో భర్త వదిలి వెళ్ళిపోయినా, ఆమె అక్కడ పనిచేసిందని చూపడానికి ఒక్క కాగితం ముక్క దొరకదు. స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం 1976 నుంచి చట్టంలో ఉన్న మాటే. పేరే లేని మనిషికి ఆ చట్టం ఎలా అందుతుంది?

అందుకే ప్రతి మహిళకూ తన సొంత హాజరు పుస్తకం ఉండాలని మేము పట్టుబడతాము. పది రూపాయల నోటు పుస్తకం చాలు. చదువు రానివారికి గళ్ళు గీసి ఇస్తే, పనికి వెళ్ళిన రోజు నిలువుగీత, సగం రోజుకు అడ్డగీత, అడ్వాన్సు తీసుకుంటే సున్నా. ప్రతి ఆదివారం టీ తాగుతూ ఆ వారం గీతలు సరిచూస్తాము, పేజీ అడుగున తేదీ వేస్తాము. ఒక నెలాఖరున మేస్త్రీ 19 రోజులంటే ఒక ఆమె పుస్తకంలో 24 గీతలు ఉన్నాయి. పుస్తకాన్ని అతని ముందు తెరిచి పెట్టి, ఆమె ఏమీ అనలేదు. అతను ఏ రోజు ఏ అంతస్తులో పని జరిగిందో తలచుకుంటూ వేళ్ళు మడిచి, చివరకు 23కు ఒప్పుకున్నాడు. ఆ ఒక్క రోజు గురించి ఆమె ఇప్పటికీ మాట్లాడుతుంది.

మేము మేస్త్రీలతో పోట్లాటకు వెళ్ళము. అతను రేపు పని లేదంటే మేము ఆమెకు పని ఇప్పించలేము కాబట్టి, అడగాలా వద్దా, ఎప్పుడు అడగాలి అన్నది ఆమె నిర్ణయమే. కానీ అడ్వాన్సు తీరేదాకా కదలకూడదని అడ్డుకోవడం, ఆధార్ కార్డులు లాగేసుకోవడం, పిల్లలను ఆపి ఉంచడం వంటివి కనిపిస్తే అది కూలి తగాదా కాదు, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వచ్చే నేరం. ఆ స్థితిలో బృందం సొంతంగా సాహసాలు చేయకుండా కలెక్టరుకో ఆర్డీవోకో రాతపూర్వకంగా తెలియజేసి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ సాయం తీసుకోవాలి. 15100 వారి ఫోను నంబరు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

అసంఘటిత కార్మికులకు 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ నమోదు, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారికి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యత్వం కూడా చేయించవలసినవే. 90 రోజులు పనిచేసినట్టు చూపేటప్పుడు ఆ గీతల పుస్తకం మళ్ళీ పనికివస్తుంది.

ఇంట్లో దెబ్బలు

దెబ్బలు తింటున్న మహిళ మొదటిసారి చెప్పినప్పుడు చాలామంది చేసే పని, నలుగురు కలిసి ఆ ఇంటికి వెళ్ళి భర్తను మందలించడం. మనం వెనక్కి వచ్చిన తరువాత ఆ రాత్రి ఏమి జరుగుతుందో ఊహించుకుంటే ఆ ఆవేశం తగ్గుతుంది. ఆమె చెప్పింది పూర్తిగా వినాలి, ఇప్పుడు ప్రాణానికి ముప్పు ఉందా అని అడగాలి, ముప్పు ఉంటే అత్యవసర నంబరు 112, లేకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181 అని ఆమెకు కంఠస్థం వచ్చేదాకా చెప్పించాలి. ఫోనులో దాచుకుంటే చూస్తాడన్న భయం ఉన్నవారు 181ని ఊరి బంధువు పేరుతో దాచుకోవచ్చు. 181 ద్వారా సఖి వన్ స్టాప్ సెంటర్‌కు చేరితే వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, ఐదు రోజుల వరకు తాత్కాలిక ఆశ్రయం ఒకే చోట అందుతాయి. నేరం వేరే ఊళ్ళో జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చునన్నది 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనులో స్పష్టంగా ఉంది. వెళ్ళిపోవాలా, ఉండాలా అన్నది మాత్రం మనం చెప్పకూడదు. ఆమె ఊరికి తిరిగి వెళితే అక్కడ అన్నదమ్ములు ఏమంటారో మనకు తెలియదు.

విదేశాలనుంచి వచ్చినవారి విషయంలో

భారతదేశం 1951 శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ మనకు లేదు. అందువల్ల టిబెటన్ మహిళ చేతిలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, అఫ్గాన్ యువతి చేతిలో స్టూడెంటు వీసా, మరొకరి చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఉంటాయి. ఒకరికి చెల్లిన సలహా మరొకరికి చెల్లదు. ఈ విభాగంలో బృందం చేయగలిగిన ప్రధానమైన పని గడువు తేదీలు మరిచిపోకుండా చూడటం. వీసా, నివాస అనుమతి ఎప్పుడు ముగుస్తాయో ఆమె చేతే ఆమె క్యాలెండరులో రాయించి, రెండు నెలల ముందే పునరుద్ధరణ మొదలుపెట్టించాలి. గడువు దాటిన తరువాత మన మంచితనం ఎందుకూ కొరగాదు, అప్పుడు కావలసింది న్యాయవాది. అద్దెకు ఇచ్చే ఇంటివారు విదేశీయులు వచ్చిన 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలన్న నిబంధనను యజమానికి ముందే చెప్పాలి. అది చెప్పకుండా ఇల్లు ఇప్పించడం ఆమెకే ముప్పు తెస్తుంది. ఆమె దేశపు రాయబార కార్యాలయానికి ఆమె అడగకుండా ఫోను చేయకూడదు. ఆమె పారిపోయి వచ్చింది ఎవరినుంచో మనకు తెలియదు.

విదేశీయురాలికి ఇక్కడ హక్కులు ఉండవు అన్న మాట పోలీసు స్టేషన్‌లోనో ఇంటి యజమాని నోటనో వినిపిస్తే, చైర్మన్, రైల్వే బోర్డు వర్సెస్ చంద్రిమా దాస్ కేసులో సుప్రీంకోర్టు 2000లో ఇచ్చిన తీర్పును గుర్తుచేయవచ్చు. హౌరా స్టేషన్ దగ్గర అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ మహిళకు కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కు వర్తిస్తుందని చెప్పి, పరిహారం చెల్లించాలన్న ఆదేశాన్ని కోర్టు సమర్థించింది.

ఒడిశాలోని చంద్రగిరి వైపునుంచి వచ్చే టిబెటన్ మహిళల సంగతి వేరు. గజపతి జిల్లాలో 1963లో ఏర్పడిన ఆ పునరావాస ప్రాంతంలో పుట్టి పెరిగిన వారిలో చాలామంది ఒడియా, హిందీ మాట్లాడతారు, వ్యాపారం తెలిసినవారు. ఇక్కడ వారికి కావలసినవి మహా అయితే మూడు నెలలకు గది, మరుగుదొడ్డి, దుకాణం స్థలానికి అనుమతి. సహాయం అనగానే కన్నీళ్ళు ఆశించే మనకు వారు కొంచెం నిరాశ కలిగిస్తారు, అది మంచిదే.

బృందం తన ఇల్లు చక్కబెట్టుకోవడం

ఎవరి ఆధార్ అసలు కార్డూ, బ్యాంకు పుస్తకమూ, ఏటీఎం కార్డూ బృందం దగ్గర ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. జిరాక్సు తీస్తే పని అయిన రోజే తిరిగి ఇవ్వాలి. వాట్సాప్ గ్రూపులో పేరుతో పాటు సమస్య రాయకూడదు. ఓటీపీ చెప్పమని మనం కూడా అడగకూడదు, ఎందుకంటే దీదీ అడిగితే చెప్పవచ్చు అన్న అలవాటు రేపు మోసగాడికి దారి వేస్తుంది. బృందం సభ్యులు సొంతంగా అప్పులు ఇవ్వకూడదు. అప్పు ఇచ్చిన మరునాటినుంచి ఆమె సమావేశానికి రావడం మానేస్తుంది, మనకూ ఆమె ఎదురుపడితే అదే గుర్తుకు వస్తుంది. ఆటో ఖర్చులకు ఒక డబ్బా, దానికి ఇద్దరి దగ్గర తాళాలు, ఒక జమాఖర్చు పుస్తకం చాలు. ఏడాదిపాటు ఉండే మహిళలు పదిమంది అయితే, డ్వాక్రా సంఘాలు పాటించే సూత్రాలతోనే, అంటే వారం వారం కలవడం, పొదుపు చేయడం, లోపల్లోపల అప్పు ఇచ్చుకోవడం, సకాలంలో తీర్చడం, లెక్క రాయడం, వారి సొంత సంఘం నడపవచ్చు. దానికి నాయకురాలిని వారిలోనుంచే ఎన్నుకోవాలి. మనం ఆ సమావేశంలో కుర్చీ వెనక్కి లాక్కొని కూర్చోవాలి.

తుఫాను రోజుల గురించి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరంలో రేకులు ఎలా ఎగిరిపడ్డాయో చూసినవారు రేకుల షెడ్డులో ఉన్నవారిని మరిచిపోలేరు. హెచ్చరికలు ఎక్కువగా తెలుగులో వస్తాయి, ఊరినుంచి వచ్చి నెల అయినవారికి అవి అర్థం కావు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అన్న మాట వినగానే ఒడియాలోనూ హిందీలోనూ ఒక నిమిషం మాటను రికార్డు చేసి పంపాలి. ఏ బడిలో పునరావాసం ఉంటుందో, ఏ దారిన వెళ్ళాలో అందులో చెప్పాలి. ఫోను లేనివారికి ఒక మనిషి వెళ్ళి చెప్పిరావాలి.

తిరుగు ప్రయాణం

బట్టీల పని వానలకు ముందు, మే, జూన్ నెలల్లో ఆగిపోతుంది. భాద్రపదంలో వచ్చే నువాఖాయి కొత్తబియ్యపు పండుగ ఊళ్ళోనే చేసుకోవాలని పశ్చిమ ఒడిశావారి పట్టుదల. వెళ్ళే వారం ఆదివారం సమావేశం కాస్త పొడవుగా పెట్టుకోవాలి. బకాయి కూలి ఎంత, ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు ఇస్తానన్నారు అన్నవి పుస్తకం చివరి పేజీలో రాసి, ఆ పేజీని ఆమె ఒప్పుకుంటే ఫొటో తీసి ఆమె ఫోనులోనే ఉంచాలి. పిల్లల బడి నుంచి టీసీ, జనన ధ్రువీకరణ పత్రం, టీకాల కార్డు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆమె సంచిలో అడుగున పెట్టించాలి. అక్కడి అంగన్‌వాడీకి పేరు మార్పించుకోవడం గుర్తుచేయాలి. కోర్బా ఎక్స్‌ప్రెస్‌కు స్టేషను దాకా వెళ్ళగలిగితే వెళ్ళాలి.

పోయిన వేసవిలో ఒక ఆమె టికెట్ల క్యూలో నిలబడి, నా చేతిలోని డబ్బు తీసుకొని, నన్ను సామాన్ల దగ్గర కూర్చోమంది. కౌంటరులో మనిషి తెలుగులో ఏదో అడిగాడు, ఆమె తెలుగులోనే "టిట్లాగఢ్, ముగ్గురం, పాప ఒకటి" అంది. చిల్లర లెక్కపెట్టుకొని, రెండు రూపాయలు తక్కువ ఉన్నాయని మళ్ళీ కిటికీ దగ్గరకు వెళ్ళింది.